తల కింద చేయి పెట్టగానే కన్నీళ్ళు ఎందుకొచ్చాయి?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. రెండేళ్ళుగా మీ మెడ, జబ్బలు రాయిలా బిగుసుకుపోయి ఉన్నాయి. ఎక్స్‌రే, ఎమ్మారై తీయించారు. డిస్కుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదన్నారు. మాత్రలు వేసుకున్నన్నాళ్ళూ తగ్గుతుంది, మానగానే మళ్ళీ మొదలు. గాజువాక నుంచి రోజూ బ్యాంకుకి స్కూటీ మీద వెళ్ళి, సాయంత్రానికి తల తిప్పలేని స్థితిలో ఇంటికొస్తున్నారు. స్నేహితురాలి మాట మీద సిటీలో ఒక సెంటర్‌కి వెళ్తే, అక్కడి థెరపిస్టు నొక్కలేదు, పిసకలేదు. తల కింద రెండు చేతులూ పెట్టి ఊరికే కూర్చుంది. ఇరవై నిమిషాలకి మీకు ఆపుకోలేనంత ఏడుపొచ్చింది. నాన్నగారు పోయినప్పుడు కూడా అంత ఏడవలేదన్నారు. వాళ్ళేమో "మీ దుఃఖం మెడపూసల్లో గడ్డకట్టింది, పన్నెండు సిట్టింగుల్లో తీసేస్తాం" అన్నారు. ఇంటికొచ్చి చెబితే మీవారు "డబ్బులిచ్చి ఏడవడానికి వెళ్ళావా?" అన్నారు. ఇది నిజమా, మోసమా, మళ్ళీ వెళ్ళాలా వద్దా అని అడిగారు.

మీకొచ్చిన ఏడుపు నిజం. దానికి వాళ్ళు చెప్పిన కారణం మాత్రం నిజం కాదు. ఈ రెండింటినీ విడదీసి చూస్తేనే మళ్ళీ వెళ్ళాలా వద్దా అన్నది మీకు మీరే తేల్చుకోగలరు. అందుకని కాస్త పెద్దగానే రాస్తాను.

నేను ఫిజియోథెరపిస్టుని. విశాఖలో 29 ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను. మొదటి పన్నెండేళ్ళు ఆసుపత్రిలో, ఆ తర్వాత లాసన్స్ బే కాలనీలో ఒక చిన్న గదిలో. స్టీల్ ప్లాంటులో సి షిఫ్టు దిగి నేరుగా వచ్చేవాళ్ళు, షిప్‌యార్డు వెల్డర్లు, రుషికొండ కొండ మీద కంప్యూటర్ల ముందు కూర్చునే పిల్లలు, ఫిషింగ్ హార్బర్‌లో చేపల తట్టలు మోసే ఆడవాళ్ళు, అందరి మెడలూ ఈ చేతుల్లోకి వచ్చాయి. మీలాంటి మెడలు చాలా చూశాను.

మనకి ఒక మాట ఉంది, ఉగ్గబట్టుకోవడం. ఊపిరి ఉగ్గబట్టుకున్నాను అంటాం. కోపం ఉగ్గబట్టుకున్నాను అంటాం. ఏడుపు ఉగ్గబట్టుకున్నాను అని కూడా అంటాం. మూడూ ఒళ్ళు చేసే పనులే. ఇది చదువుతూనే ఒకసారి చేసి చూడండి. పదిమందిలో ఉండగా ఏడుపు ముంచుకొస్తోంది, ఎవరికీ కనబడకూడదు అనుకోండి. దవడ బిగుస్తుంది. నాలుక అంగిలికి అతుక్కుంటుంది. గొంతు మూసుకుంటుంది. జబ్బలు చెవుల వైపు లేస్తాయి. పొట్ట లోపలికి పోతుంది, ఊపిరి పైపైన ఆడుతుంది. పళ్ళ బిగువున భరించింది అనే మాట మన పెద్దవాళ్ళు ఒంటిని చూసి పుట్టించిందే.

మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను. "అప్పుడు ఏడవడానికి టైం లేదు మేడమ్" అని రాశారు. నాన్నగారి ఆసుపత్రి బిల్లులు, అంబులెన్సు, అమ్మని పట్టుకోవడం, పదమూడు రోజుల కార్యక్రమాలు, వచ్చీపోయే చుట్టాలు, పద్నాలుగో రోజున మళ్ళీ కౌంటర్. గుండె రాయి చేసుకుని నిలబడ్డారు. ఆ నిలబడటం మీ జబ్బలు చేశాయి, మీ దవడ చేసింది. పని అయిపోయాక "ఇక చాలు, దించెయ్" అని వాటికి ఎవరూ చెప్పలేదు.

పిడికిలి గట్టిగా బిగించి రోజంతా అలాగే ఉంచారనుకోండి. సాయంత్రానికి చెయ్యి నొప్పి పుడుతుంది. కొన్నాళ్ళు అలాగే ఉంచితే, బిగించి ఉన్నామన్న సంగతే మర్చిపోతాం, నొప్పి ఒక్కటే తెలుస్తుంది. ఆ చేతిని ఎమ్మారై తీస్తే ఏం కనబడుతుంది? ఏమీ కనబడదు. పిడికిలి చేతిలో దాచిపెట్టిన వస్తువు కాదు, చెయ్యి చేస్తున్న పని. మీ మెడ సంగతీ అంతే. మెడపూసల్లో గడ్డకట్టిన దుఃఖమంటూ ఏదీ లేదు. దాన్ని బయటికి లాగగల చేతులూ లేవు. మెదడు, వెన్నుపాము నుంచి ఆ కండరాలకి "కాపలా ఉండు" అని నిరంతరంగా ఒక చిన్న ఆజ్ఞ వెళ్తోంది. ఆ ఆజ్ఞ సడలాలి. సడలడం మీ ఒళ్ళు చేయాల్సిన పని. థెరపిస్టు చేయగలిగిందల్లా, సడలినా ప్రమాదం లేదని ఒంటికి నమ్మకం కలిగించడం.

ఇది నాకు మొదట్లో తెలియదు. గట్టిగా నొక్కితేనే వైద్యం అనుకునేదాన్ని. మనవాళ్ళు కూడా అలాగే అడుగుతారు. "ఇంకాస్త గట్టిగా అమ్మా, నరం పట్టేసింది" అంటారు. ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో ఒక పెద్దాయన వచ్చేవారు. ముప్పై ఏళ్ళు క్రేన్ నడిపి రిటైరయ్యారు. మోచేత్తో ఆయన జబ్బ మీద నొక్కేదాన్ని. ఆయన పళ్ళు బిగించి భరించేవారు. లేచేటప్పుడు హాయిగా ఉందనేవారు, రెండో రోజుకి అంతా మొదటికొచ్చేది. ఒకసారి చర్మం కమిలి నల్లబడింది కూడా. ఆ తప్పు నాదే. భరించమని చెప్పి చెప్పి అలిసిపోయిన కండరాల్ని నేను ఇంకాస్త భరించమన్నాను.

తర్వాతి వారం నా మణికట్టు బెణికింది. నొక్కే ఓపిక లేదు. ఆయన అంత దూరం నుంచి వచ్చారు కదా, ఉత్తచేతులతో పంపడం ఇష్టం లేక, ఆయన తల కింద రెండు అరచేతులూ పెట్టి కూర్చున్నాను. పెద్దవాళ్ళ తల దాదాపు 5 కిలోలుంటుంది. ఆ రోజు మొదటి పది నిమిషాలు నా చేతుల్లోకి ఒకటో రెండో కిలోలు వచ్చి ఉంటాయి. పడుకుని ఉన్నా, తల కింద చేతులున్నా, మిగతా బరువంతా ఆయన మెడే మోస్తోంది! అప్పుడే మొదటిసారి అర్థమైంది నాకు. నేనేమీ చేయలేదు. కొంతసేపటికి ఆయన పొట్టలో గుడగుడమంది, ఒక పెద్ద నిట్టూర్పు వచ్చింది, తల మొత్తం చేతుల్లోకి దిగింది. చాలా రోజుల తర్వాత ఆ రాత్రి మాత్ర లేకుండా నిద్రపోయానని మర్నాడు ఫోన్ చేసి చెప్పారు.

మీ థెరపిస్టు చేసింది కూడా ఇదే. దాని వెనక పెద్ద రహస్యమేమీ లేదు కానీ, తెలుసుకోదగ్గ శాస్త్రం ఉంది.

మన చర్మంలో స్పర్శని మెదడుకి చేరవేసే నాడీ తంతువులు రకరకాలు. ఎక్కడ తగిలింది, ఎంత గట్టిగా తగిలింది అని క్షణంలో చెప్పేవి కొన్ని. ఇవి కాక, రోమాలుండే చర్మంలో చాలా నెమ్మదిగా పనిచేసే సన్నని తంతువులు వేరే ఉన్నాయి. వీటిని సి టాక్టైల్ తంతువులంటారు. సెకనుకి 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో, ముఖ్యంగా 3 సెంటీమీటర్ల దగ్గర, ఒంటి వెచ్చదనం ఉన్న చెయ్యి నిమిరినప్పుడు ఇవి బాగా స్పందిస్తాయి. ఎక్కడ తగిలిందో కచ్చితంగా చెప్పడం కన్నా, ఆ స్పర్శ హాయిగా ఉందన్న భావాన్ని కలిగించడం వీటి పని. అసలు తాకిడిని, ఒత్తిడిని నాడులు ఎలా పసిగడతాయో కనిపెట్టినందుకు ఆర్డెమ్ పటపూటియన్‌కి, వేడిని పసిగట్టే గ్రాహకాన్ని కనిపెట్టినందుకు డేవిడ్ జూలియస్‌కి కలిపి 2021లో వైద్యంలో నోబెల్ బహుమతి ఇచ్చారు.

సెకనుకి 3 సెంటీమీటర్లంటే ఎంతో తెలుసా? జబ్బ నుంచి మోచేతి దాకా రావడానికి దాదాపు పది సెకన్లు. ఒకసారి మీ చేతి మీద మీరే చేసి చూడండి, ఎంత నెమ్మదో తెలుస్తుంది. చిన్నప్పుడు మా మామ్మ ఊళ్ళో, పసిపిల్లలకి నీళ్ళు పోయడానికి వచ్చే ఒక పెద్దావిడ ఇంత నెమ్మదిగానే నూనె రాసేది. రెండు కాళ్ళూ చాపి, వాటి మీద బిడ్డని బోర్లా పడుకోబెట్టుకునేది. అప్పటిదాకా గుక్కపట్టి ఏడ్చిన బిడ్డ కాసేపటికి ఆవిడ కాళ్ళ మీద గుడ్డపీలికలా వాలిపోయేవాడు. ఆవిడకి ఏ తంతువుల పేరూ తెలియదు. చేతికి తెలుసు. నలుగు, తలంటు, బాలింతకి ఒళ్ళు పట్టడం, ఇవన్నీ మన ఇళ్ళలో ఉన్నవే. అభ్యంగనం గురించి చెబుతూ ఆయుర్వేద గ్రంథం రాసిన వాగ్భటుడు తలకి, చెవులకి, పాదాలకి ప్రత్యేకంగా నూనె పట్టించమన్నాడు.

ఇక మీరు వెళ్ళిన సెంటర్ బోర్డు మీద ఉందన్న క్రేనియోసేక్రల్ థెరపీ సంగతి. దీని మూలాలు అమెరికాలోని ఆస్టియోపతీ వైద్యంలో, అంటే ఎముకల్ని, కండరాల్ని చేతులతో సరిచేసే పద్ధతిలో ఉన్నాయి. విలియం సదర్లాండ్ అనే ఆయన పుర్రె ఎముకలకి సన్నని కదలిక ఉంటుందన్నాడు. 1970లలో జాన్ అప్లెడ్జర్ దాన్ని ఇప్పుడున్న పద్ధతిగా మలిచాడు. 5 గ్రాముల ఒత్తిడి చాలంటాడాయన. ఇంచుమించు మన రెండు రూపాయల బిళ్ళ బరువు. మెదడు చుట్టూ ఉండే ద్రవానికి ఒక లయ ఉందని, దాన్ని చేతులతో పట్టి సరిచేస్తామని ఈ పద్ధతి చెబుతుంది. ఆ లయ మాట నేను నమ్మను. ఒకే మనిషిని ఇద్దరు థెరపిస్టులు విడివిడిగా పట్టుకుని లయ లెక్కపెడితే వాళ్ళ లెక్కలు కలవలేదని పరీక్షల్లో తేలింది. చేతుల్లో ఏదో కదులుతున్నట్టు నాకూ అనిపిస్తుంది. అది ఆ మనిషి ఊపిరి కావచ్చు, నా నాడి కావచ్చు.

మరి ఉపయోగమే లేదా అంటే, అలా కూడా చెప్పలేను. 2016లో జర్మనీలో దీర్ఘకాలపు మెడనొప్పి ఉన్న 54 మందిని రెండు గుంపులు చేసి, సగం మందికి ఈ పద్ధతి, మిగతా సగానికి ఉత్తినే తేలికగా తాకడం చేశారు. మొదటి గుంపుకి నొప్పి ఎక్కువ తగ్గింది. తర్వాత ఇలాంటి అధ్యయనాలన్నీ కలిపి చూసినవాళ్ళ తీర్పులు మాత్రం ఒకేలా లేవు. కొందరు మేలుందన్నారు, కొందరు లేదన్నారు. మీవారికి ఈ మాట చెప్పండి. ఆయన అనుమానం తప్పు కాదు. కానీ సిద్ధాంతం తప్పైతే మీకు కలిగిన హాయి కూడా అబద్ధమనడం సరికాదు.

నాకు దారి చూపింది మాత్రం మరియన్ రోజెన్ అనే ఆవిడ పద్ధతి. ఆవిడ కూడా ఫిజియోథెరపిస్టే. 1914లో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో పుట్టారు, యూదురాలు, నాజీల కాలంలో దేశం విడిచి వెళ్ళిపోయారు. రెండో ప్రపంచ యుద్ధమప్పుడు కాలిఫోర్నియాలో షిప్‌యార్డు కార్మికులకి చికిత్స చేశారు. మన షిప్‌యార్డు వాళ్ళ వీపులు చూసిన నాకు ఆ సంగతి తెలిసినప్పుడు ఆవిడ సొంత మనిషిలా అనిపించారు. బిగుసుకున్న కండరం మీద మెత్తగా చేయి ఆనించి, దాన్ని మార్చాలని తొందరపడకుండా, అది ఎలా ఉందో అలాగే కలుసుకోవడం ఆవిడ పద్ధతి. చేతికింద ఊపిరి మారుతుంది, దాన్ని గమనించాలి. వాళ్ళు ఏదైనా చెబితే వినాలి. వాళ్ళ తరఫున మనం చెప్పకూడదు.

ఆ చివరి మాట నా పనిలో అన్నిటికన్నా ముఖ్యం. ఎందుకో చెబుతాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన మీద విరుచుకుపడిన రోజు మీకు గుర్తుండే ఉంటుంది. దాని తర్వాత రెండేళ్ళకి ఒకావిడ వచ్చింది, రెండు రెక్కల మధ్య నొప్పితో. గుర్తుపట్టకుండా వివరాలు మార్చి చెబుతున్నాను. ఒక మధ్యాహ్నం ఆవిడ పక్కకి తిరిగి పడుకుంటే వీపు మీద అరచేయి ఆనించాను. పదిహేను నిమిషాలు గడిచాయి. ఏడుపేమీ రాలేదు. నెమ్మదిగా ఆవిడ మడమలు బల్ల చివరన ఉన్న గోడని నెట్టడం మొదలుపెట్టాయి. వీపు నా చేతిని వెనక్కి నెట్టింది. నేను చేయి తీయలేదు, గట్టిగా ఆనించనూ లేదు. అలా ఒక నిమిషం పాటు నెట్టి, ఆగి, "తలుపు" అంది.

తుపాను రోజు బీచ్ వైపు ఫ్లాట్‌లో బాల్కనీ అద్దాలు పగిలిపోతే, పిల్లలిద్దర్నీ లోపలి గదిలో ఉంచి, ఆ గది తలుపుకి వీపు ఆనించి, ఎదురుగోడకి కాళ్ళు తన్నిపెట్టి, గాలి తగ్గేదాకా కూర్చుందట. ఆ విషయం నాకు తెలియదు. ఆవిడ భర్త పోయారని తెలుసు కాబట్టి, నా మనసులో నేను వేరే కథ అల్లుకున్నాను. అది బయటికి అని ఉంటే? "మీ భర్త మీద దుఃఖం ఇక్కడుంది" అని ఆ నిమిషంలో చెప్పి ఉంటే? ఒళ్ళు సడలి, కళ్ళు మూసుకుని ఉన్న మనిషి ఎదుటివాళ్ళ మాటని చాలా తేలిగ్గా నమ్మేస్తుంది. లేని జ్ఞాపకాలు కూడా నిజంలా అతుక్కుంటాయి. ఆవిడ తలుపు ఆవిడకే దొరకాలి. ఆ తర్వాత నాలుగైదుసార్లు వచ్చింది. గాలి హోరుకి నిద్ర పట్టకపోవడం మాత్రం చేతులతో పోయేది కాదని సైకాలజిస్టు దగ్గరికి పంపాను. రెండూ కలిసి మేలు చేశాయి.

అందుకే మీ కన్నీళ్ళు నాన్నగారివే అని నేను కూడా ఇక్కడ కూర్చుని తీర్మానించను. కావచ్చు. అలసట కావచ్చు. ఎన్నాళ్ళకో ఎవరో మీ నుంచి ఏమీ ఆశించకుండా మీ తల పట్టుకున్నందుకు కావచ్చు. మీకు తెలిసినప్పుడు తెలుస్తుంది. తెలియకపోయినా నష్టం లేదు.

అసలు ఏడుపెందుకొస్తుందంటే, ఉగ్గబట్టిన కండరాలు వదిలినప్పుడు ఊపిరి లోతుగా దిగుతుంది, గుండె వేగం తగ్గుతుంది, ఒళ్ళు కాపలా స్థితి నుంచి విశ్రాంతి స్థితికి మళ్ళుతుంది. ఆ మలుపులో కొందరికి ఆవలింతలొస్తాయి, కొందరికి పొట్ట గుడగుడలాడుతుంది, కొందరికి కాళ్ళు సన్నగా వణుకుతాయి, కొందరు నవ్వుతారు, మీలా కొందరు ఏడుస్తారు. చాలామంది నిద్రపోతారు. ఏడవడం గొప్ప గుర్తూ కాదు, చెడ్డ గుర్తూ కాదు. రెండోసారి వెళ్ళినప్పుడు ఏడుపు రాకపోతే "ఇవాళ పని చేయలేదు" అనుకోకండి. ఏడిపించాలని పట్టుబట్టే థెరపిస్టు దగ్గర మాత్రం ఉండకండి.

ఇక వెళ్ళాలా వద్దా. పన్నెండు సిట్టింగుల ప్యాకేజీకి ముందే డబ్బు కట్టవద్దు. మూడుసార్లు వెళ్ళి చూడండి, ఒక్కోసారికి విడిగా డబ్బిచ్చి. ఫలితాన్ని కన్నీళ్ళతో కొలవకండి. స్కూటీ వెనక్కి తీసేటప్పుడు మెడ ఎంత తిరుగుతోంది, వారానికి నొప్పి మాత్రలు ఎన్ని పడుతున్నాయి, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వస్తోంది, ఈ మూడూ ఒక కాగితం మీద రాసుకోండి. మూడుసార్ల తర్వాత కాగితంలో మార్పు లేకపోతే మానేసి, ఫిజియోథెరపిస్టు దగ్గర వ్యాయామాలు మొదలుపెట్టండి. నిజానికి మార్పు ఉన్నా వ్యాయామాలు కావాలి. చేతులు సడలించిన మెడకి బలం కూడా రావాలి కదా.

ఆ థెరపిస్టుని కొన్ని అడగండి. ఎక్కడ నేర్చుకుంది, ఎంతకాలం నేర్చుకుంది, నా డాక్టరుతో మాట్లాడతారా అని. ఈ పద్ధతులు కొద్దిరోజుల కోర్సులో నేర్చుకున్నవాళ్ళూ ఉన్నారు, ఏళ్ళ తరబడి నేర్చుకున్నవాళ్ళూ ఉన్నారు, గోడ మీది సర్టిఫికెట్ చూస్తే ఇద్దరూ ఒకేలా కనబడతారు. మెత్తని నూలుబట్టల్లోనే పడుకోవచ్చు, బట్టలు తీయాల్సిన అవసరం ఈ పనిలో లేదు. చేయి పెట్టే ముందు ప్రతిచోటా అడగాలి. వద్దంటే మొహం మారకూడదు. కావాలంటే మీ స్నేహితురాలు గదిలో కూర్చోవచ్చు. దానికి ఒప్పుకోని చోటికి వెళ్ళకండి. థైరాయిడ్ తగ్గిస్తాం, షుగర్ తగ్గిస్తాం, బీపీ మాత్రలు మానేయండి అన్నారంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి. ఇక మీ థెరపిస్టు అన్న గడ్డకట్టిన దుఃఖం మాట గురించి, "నా కథ మీరు చెప్పకండి, చేతులు మాత్రం పెట్టండి" అని మర్యాదగా అనండి. మంచి థెరపిస్టైతే సర్దుకుంటుంది. ఆవిడ చేతులు మంచివే అయి ఉండాలి, లేకపోతే మీ తల అంత బరువు దించేది కాదు.

కొన్ని విషయాల్లో మాత్రం మెత్తని చేతులూ వద్దు, ఆలస్యమూ వద్దు. చేతుల్లో తిమ్మిరి, పట్టు తప్పడం, నడకలో తూలడం, మూత్రం మీద అదుపు పోవడం, ఉన్నట్టుండి మునుపెన్నడూ లేనంత తలనొప్పి, చూపు రెండుగా కనబడటం ఉంటే ముందు ఆసుపత్రి. జబ్బ, దవడ నొప్పితో పాటు ఛాతీలో బరువు, ఆయాసం, చెమటలు ఉంటే అది గుండె కావచ్చు. ఆడవాళ్ళు దీన్ని గ్యాసనో టెన్షననో సరిపెట్టుకుంటారు. 108కి ఫోన్ చేయండి. ఒక పిక్క వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే దాన్ని ఎవరిచేతా మర్దన చేయించుకోకండి, లోపల రక్తం గడ్డ ఉండొచ్చు. సెలూన్లో క్షవరం అయ్యాక మెడ టకామని విరిపించుకునే అలవాటు మీవారికి ఉంటే ఈరోజే మాన్పించండి. మెడపూసల గుండా మెదడుకి వెళ్ళే రక్తనాళం గోడ చిరిగి పక్షవాతం వచ్చిన కేసులున్నాయి.

మనసు సంగతి కూడా. ఏడ్చిన తర్వాత తేలికపడి, మర్నాటికి మామూలుగా పని చేసుకుంటుంటే భయం లేదు. అలా కాకుండా రోజుల తరబడి ఏడుపు ఆగకపోయినా, చూసినవి కళ్ళముందు మళ్ళీ మళ్ళీ జరుగుతున్నట్టున్నా, బతకాలనిపించకపోయినా, అది ఇలా చేతులతో చేసే చికిత్సతో తేలేది కాదు. సైకియాట్రిస్టుని, సైకాలజిస్టుని కలవాలి. 14416 టెలీ మానస్ నంబరు, ప్రభుత్వానిది, రాత్రీ పగలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. చిన వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అక్కడికి వెళ్ళడంలో నామర్దా ఏమీ లేదమ్మా. నేను పంపిన చాలామంది మామూలుగా ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్ళే.

ఇంట్లో చేసుకోగలిగింది ఒకటి చెబుతాను, ఒక్కటే. ఎక్కువ చెబితే అదీ ఒక డ్యూటీ అయిపోతుంది మీకు. రాత్రి పడుకునే ముందు వెల్లకిలా పడుకోండి, మోకాళ్ళ కింద దిండు. తల కింద తువ్వాలు మడతపెట్టి, పుర్రె అడుగు దానిమీద ఆనేలా సర్దుకోండి. ఒక అరచేయి రొమ్ము ఎముక మీద, ఇంకోటి పొట్ట మీద. పై పళ్ళకీ కింది పళ్ళకీ మధ్య బియ్యపుగింజంత ఖాళీ వదలండి. ఊపిరిని లోతుగా తీయాలని చూడకండి, వదిలేటప్పుడు మాత్రం కాస్త నెమ్మదిగా వదలండి. తల ఎంత బరువు తువ్వాలు మీద ఆనింది, ఇంకా ఎంత మీరే మోస్తున్నారు, అది గమనించండి. మోస్తున్నారని తెలిస్తే "దించెయ్" అని ఆజ్ఞాపించకండి. తెలియడం చాలు. పది నిమిషాలు. మధ్యలో నిద్రపోతే పోండి. ఏడుపొస్తే రానివ్వండి. అది భరించలేనంత అనిపిస్తే కళ్ళు తెరిచి, లేచి కూర్చుని, పాదాలు నేలకి ఆనించి, గదిలో కనబడే వస్తువుల పేర్లు ఒక్కొక్కటే పైకి చెప్పుకోండి.

మీవారిని కూడా ఒక రాత్రి పిలవండి. వాదించకండి. "నా తల కింద చేయి పెట్టి ఐదు నిమిషాలు కూర్చో, ఏమీ చేయొద్దు" అనండి. గోళ్ళు కత్తిరించుకుని రమ్మనండి, ఉంగరం తీసేయమనండి. మా దగ్గరికి భార్యల్ని దింపడానికి వచ్చి బయట ఫోన్ చూసుకుంటూ కూర్చునే మగవాళ్ళకి నేను ఇది నేర్పుతుంటాను. మొదట చేతులు ఎలా పెట్టాలో తెలియక ఇబ్బంది పడతారు. తర్వాత తల బరువు చేతుల్లోకి దిగిన క్షణంలో వాళ్ళ మొహాలు మారిపోవడం చాలాసార్లు చూశాను. మీ మెడ ఎంత మోస్తోందో నా మాటల్లో కన్నా ఆయన చేతులకే బాగా అర్థమవుతుంది.

చివర్లో మీరు అమ్మగారి గురించి ఒక వాక్యం రాసి వదిలేశారు, "అమ్మ అసలు మాట్లాడటం మానేసింది" అని. ఆవిడ వయసు 70 అన్నారు. ముందు ఒకసారి డాక్టరుకి చూపించండి, వినికిడి, థైరాయిడ్, బీ12 పరీక్షలతో పాటు దిగులు సంగతి కూడా అడగండి. షుగర్ ఉంటే పాదాల్లో పుండ్లు, స్పర్శ తెలియకపోవడం లేవని చూసుకున్నాక, ఒక సాయంత్రం నువ్వులనూనె గోరువెచ్చగా చేసి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చోండి. వేడి ముందు మీ చేతి మీద చూసుకోండి. "అమ్మా, కాళ్ళకి నూనె రాయనా?" అని అడగండి. పాదం మీద నుంచి మడమ దాకా, సెకనుకి రెండు మూడు సెంటీమీటర్లు, మా మామ్మ ఊరి పెద్దావిడ లాగా. నాన్న మాట మీరు ఎత్తవద్దు. ఆవిడ ఎత్తితే వినండి. కాళ్ళు లాక్కుంటే నూనె గిన్నె మూతపెట్టి లేచిరండి, మర్నాడు సాయంత్రం మళ్ళీ అడగండి.